భుజం నొప్పి వెంట చీరాల దాకా

మీ ఇంట్లో వాలీబాలో, షటిలో ఆడే పిల్లలుంటే ఈ వారం నాతో చీరాల రండి. ఆడేవాళ్ళు లేకపోయినా రండి. సముద్రపు గాలి ఎవరికీ చెరుపు చెయ్యదు.

ఈ ప్రయాణానికి కారణం ఒక తల్లి రాసిన ఉత్తరం. "మా వాడు డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాడు. వాలీబాల్ బాగా ఆడతాడు. నాలుగు నెలల నుంచి కుడి భుజం నొప్పి. మాత్రలు వాడాం, తైలంతో మర్దన చేయించాం, చివరికి భుజంలోకే సూది మందు కూడా వేయించాం. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తోంది. ఇంకో ఏడు వారాల్లో యూనివర్సిటీ జట్టుకి ఎంపిక ఉంది. అందులో ఆడితే స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగానికి దారి దొరుకుతుందని వాళ్ళ నాన్నగారి ఆశ. ఏం చెయ్యమంటారు?" అని అడిగింది ఆమె.

ఇలాంటి ఉత్తరాలకు ఒకప్పుడు ఇదే శీర్షికలో నేను చాలా సులభంగా జవాబు చెప్పేసేవాణ్ణి. "కొన్నాళ్ళు విశ్రాంతి ఇవ్వండి, కాపడం పెట్టండి" అని. ఆ సలహా పాటించినవాళ్ళు విశ్రాంతి తీసుకున్నన్నాళ్ళూ హాయిగా ఉండి, ఆట మొదలుపెట్టిన పది రోజులకు మళ్ళీ ఉత్తరం రాసేవారు. తప్పు వాళ్ళది కాదు, నాది. అంచేత ఈసారి కలం పట్టుకోక ముందు రైలెక్కాను.

చీరాల స్టేషన్లో దిగి బయటికి వస్తే మీకు మొదట కనిపించేది బట్టల కొట్లు. పక్కనే పేరాల. ఈ రెండూ కలిసి 1921లో చేసిన పని తెలుగువాళ్ళు మరిచిపోకూడదు. మునిసిపాలిటీ పన్నుకు ఎదురు తిరిగి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెంట ఇళ్ళు వదిలేసి, ఊరి బయట రామనగరంలో పాకలు వేసుకుని నెలల తరబడి గడిపారు. ఓర్పు ఈ ఊరికి కొత్త కాదు. ఆ మాట ఎందుకు ఎత్తానో తరువాత మీకే తెలుస్తుంది.

ఉత్తరం రాసిన ఇల్లు మగ్గాల సందులో ఉంది. గుమ్మంలో అడుగు పెట్టేసరికి గుంట మగ్గం మీద ఆ అబ్బాయి తండ్రి నేస్తున్నాడు. మీరెప్పుడైనా దగ్గర నిలబడి చూశారా? కుడిచేత్తో తాడు లాగితే నాడె ఇటునుంచి అటు పరుగెడుతుంది, మళ్ళీ లాగితే అటునుంచి ఇటు. అన్నట్టు, మనం షటిల్ అంటున్న బంతికి ఆ పేరు ఈ నాడె వల్లే వచ్చింది. నాడెను ఇంగ్లీషులో షటిల్ అంటారు. ఇటూ అటూ తిరుగుతుంది కనుక ఆ ఈకల బంతికీ అదే పేరు పెట్టారు. చీరాలలో చేతులతో ఆడే షటిల్ కంటే మగ్గం మీద ఆడే షటిల్ పాతదన్న మాట.

"రోజంతా ఇలా లాగుతుంటే మీకు భుజం నొప్పి రాదా?" అని అడిగాను.

"చేత్తోనే నేస్తే మధ్యాహ్నానికే పడిపోతుంది డాక్టరుగారూ. కాళ్ళు నడవాలి. కాళ్ళు తొక్కే తొక్కులో చెయ్యి ఊరికే వెళ్ళి వస్తుంది," అన్నాడాయన.

ఆ మాట విని నేను తల ఊపి ఊరుకున్నాను. తరువాత హైదరాబాదులో గానీ దాని విలువ నాకు తెలిసిరాలేదు.

సాయంత్రం ఆటోలో వాడరేవు వెళ్ళాం. సరుగుడు తోటలు దాటితే సముద్రం. పడవలు ఒడ్డుకు చేరి ఉన్నాయి, వలలు ఆరుతున్నాయి. వాటికి కాస్త ఎడంగా, ఇసకలో రెండు గుంజలు పాతి వల కట్టుకుని కుర్రాళ్ళు ఆడుతున్నారు. మన కుర్రవాడు పొడగరి. గాలిలోకి లేచి బంతిని కొడితే అవతలివాళ్ళు పక్కకి తప్పుకుంటున్నారు. కాని కొట్టిన ప్రతిసారీ, ఎవరూ చూడటం లేదనుకుని, ఎడమచేత్తో కుడి జబ్బను ఒకసారి నొక్కుకుంటున్నాడు.

"రోజుకి ఎన్ని బంతులు కొడతావోయ్?" అంటే నవ్వాడు. "ఎవరు లెక్క పెడతారు సార్?" అన్నాడు. నేను పెట్టాను. సర్వీసులూ స్మాష్‌లూ కలిపి ఆ సాయంత్రం 140. వారానికి ఆరు రోజులు ఆట. అంటే 840 సార్లు ఆ చెయ్యి తలమీదికి లేచి కొరడాలా కిందికి దిగుతోంది. ఎంపిక దగ్గర పడిందని నెల నుంచి ఉదయం పూట కూడా మొదలుపెట్టాడట. నొప్పి పుట్టిన చెయ్యికి పని రెట్టింపు చేశాడన్న మాట. నేరం కుర్రవాడిది కాదు. పెద్దవాళ్ళం మనమే "ఇంకొంచెం గట్టిగా సాధన చెయ్యరా" అంటాం.

ఇక్కడ కాస్త ఆగి భుజం సంగతి చెప్పుకుందాం. బడిలో నిమ్మకాయ-చెంచా పందెం మీరు పరుగెత్తే ఉంటారు. భుజం కీలు సరిగ్గా అదే. దండచేతి ఎముక పైకొన నిమ్మకాయ. వీపు మీద రెక్కలా కదిలే పలక ఎముక అంచున ఉన్న చిన్న గుంట చెంచా. తుంటి కీలులో గిన్నె లోతుగా ఉండి బంతిని పట్టి ఉంచుతుంది. భుజంలో అలా కాదు. గుంట లోతు తక్కువ, బంతి పెద్దది. అందుకే చెయ్యి మనం ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. అందుకే ఊరికే చెడిపోతుంది కూడా. ఆ నిమ్మకాయ జారిపోకుండా చుట్టూ నాలుగు చిన్న కండరాలు పట్టుకుని ఉంటాయి. వాటిని కలిపి రొటేటర్ కఫ్ అంటారు. పందెంలో నిమ్మకాయ ఒరిగినప్పుడల్లా మీరు మణికట్టు తిప్పి చెంచాను దాని కిందికి తెచ్చినట్టే, చెయ్యి పైకి లేచినప్పుడల్లా ఆ పలక ఎముక కూడా తిరిగి గుంటను బంతి కిందికి తేవాలి.

బంతిని కొట్టేటప్పుడు పనిచేసేవి ముందువైపు ఛాతీ కండరాలు, వీపు పక్కనున్న పెద్ద కండరాలు. ఇవి ఎద్దుల్లాంటివి. కొట్టిన తరువాత ఆ వేగాన్ని ఆపాల్సినవి మాత్రం భుజం వెనకవైపున్న చిన్న కండరాలు. ఆడేకొద్దీ ఎద్దులు బలుస్తాయి, పగ్గం మాత్రం పాతదే. కొన్నాళ్ళకు పగ్గం పీచులు లేస్తుంది. ఆ పీచు లేవటమే నొప్పి. ఇప్పుడు చెప్పండి, పగ్గానికి తైలం రాస్తే ఏం లాభం? సూది మందు సంగతీ అంతే. అది వాపును అణచి నొప్పిని తగ్గిస్తుంది, అవసరమైన చోట వైద్యులు ఇస్తారు, అందులో తప్పులేదు. కాని అది కండరానికి బలం ఇవ్వదు. ఈ కుర్రవాడు సూది వేయించుకున్న మర్నాడే మ్యాచ్ ఆడాడు. నొప్పి తెలియని భుజంతో ఎంత గట్టిగా కొట్టి ఉంటాడో మీరే ఊహించుకోండి.

ఆ రాత్రి బండికి తండ్రీకొడుకులను తీసుకుని బయల్దేరాను. ఆ చుట్టుపక్కల ఊరే నాగండ్ల, పుల్లెల గోపీచంద్ పుట్టిన ఊరు. 1994లో మోకాలి లోపలి లిగమెంటు తెగి, శస్త్రచికిత్సలు చేయించుకుని, ఇక ఆట అయిపోయిందని అందరూ అనుకున్న తరువాత 2001లో ఆయన ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. బెర్తు మీద కూర్చుని ఈ కథ చెబితే తండ్రి కళ్ళు మెరిశాయి. కాని ఆయనకు వినిపించింది గెలుపు. మధ్యలో ఉన్న ఏడేళ్ళు వినిపించలేదు. కుర్రవాడు రాత్రంతా కుడివైపు తిరిగి పడుకోలేక మెలికలు తిరిగాడు. మీ పిల్లలు ఇలా నొప్పివైపు ఒత్తిగిలి పడుకోలేకపోతే దాన్ని "ఆటన్నాక ఉంటాయిలే" అని కొట్టిపారేయకండి.

తెల్లవారుతూనే గచ్చిబౌలి చేరాం. బండరాళ్ళ మధ్య ఇప్పుడన్నీ అద్దాల మేడలే. వాటి నడుమ క్రీడా మైదానాలు. 2003 ఆఫ్రో-ఏషియన్ క్రీడలు ఈ నగరంలోనే జరిగాయి. గోపీచంద్ బ్యాడ్మింటన్ అకాడమీ 2008లో ఇక్కడే వెలిసింది. సైనా, సింధు, శ్రీకాంత్ ఇక్కడి కోర్టుల్లో చెమటోడ్చినవాళ్ళే. సింధు తండ్రి రమణ వాలీబాల్ ఆటగాడు, 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కంచు పతకం గెలిచిన జట్టులోనివాడు. తల్లీ వాలీబాల్ ఆడినామే. వాలీబాల్ ఇంట షటిల్ పుట్టిందని జనం ఆశ్చర్యపోతారు గాని భుజాన్ని అడిగితే రెండూ ఒకటే అంటుంది. టెన్నిస్ సర్వీసు, ఈటె విసరటం, క్రికెట్లో బౌండరీ నుంచి బంతి విసరటం కూడా ఆ కుటుంబంలోవే. మన అమలాపురం కుర్రవాడు సాత్విక్ సాయిరాజ్ 2023లో కొట్టిన స్మాష్ గంటకు 565 కిలోమీటర్ల వేగమని గిన్నిస్ వారు నమోదు చేశారు. అంత వేగం పుట్టించిన చేతిని మళ్ళీ ఆపింది ఎవరనుకున్నారు? వెనకనున్న ఆ చిన్న పగ్గాలే.

మేం వెళ్ళింది ఆ దాపులనే ఒక ఫిజియోథెరపీ గదికి. యంత్రాలు మిలమిలలాడుతుంటాయని తండ్రి అనుకున్నాడు. తీరా చూస్తే నాలుగు చాపలు, రెండు బల్లలు, గోడకు కట్టిన రంగురంగుల రబ్బరు పట్టీలు, మూల కొన్ని బంతులు. అక్కడ పనిచేసే ఆవిడ కుర్రవాణ్ణి చొక్కా విప్పమని, భుజాన్ని ముట్టుకోకుండా చాలాసేపు వీపు చూస్తూ నిలబడింది. చేతులు పైకెత్తి దించమంది. దించేటప్పుడు కుడి పలక ఎముక అంచు తలుపు రెక్కలా కాస్త బయటికి లేస్తోంది. మీరూ మీ పిల్లల వీపు వెనక నిలబడి ఇది చూడొచ్చు.

తరువాత వెల్లకిలా పడుకోబెట్టి, మోచెయ్యి మడిచి, చేతిని తలవైపుకీ కాళ్ళవైపుకీ తిప్పి డిగ్రీలు కొలిచింది. కొట్టే చెయ్యి తలవైపుకి ఎక్కువ వంగటం, కాళ్ళవైపుకి తక్కువ వంగటం ఆటగాళ్ళలో మామూలే. రెండూ కలిపిన మొత్తం రెండు చేతుల్లోనూ ఇంచుమించు సమానంగా ఉంటే దిగులు లేదు. మనవాడికి కుడివైపు మొత్తం తగ్గింది. భుజం వెనక బిగిసిపోయిందన్న మాట. మోచెయ్యి పక్కకు ఆనించి అరచేతిని బయటికి నెట్టమంటే, ఎడమచెయ్యి నెట్టినంత కుడిచెయ్యి నెట్టలేకపోయింది. బంతిని అంత గట్టిగా కొట్టే చెయ్యి!

మేమింక అయిపోయిందనుకున్నాం. ఆవిడ "ఒంటికాలి మీద నిలబడి మడమ ఎత్తుతూ దించుతూ ఉండు" అంది. కుడికాలి మీద 25 సార్లు లేచాడు. ఎడమకాలి మీద 11కే వణికిపోయాడు.

"ఈ కాలు ఎప్పుడు బెణికింది?"

"పోయినేడు మేడమ్. చీలమండ వాచింది. రెండు వారాల్లో తగ్గిపోయింది."

"వాపు తగ్గింది. బలం తిరిగి రాలేదు," అందావిడ.

ఏడాది క్రితం బెణికిన ఎడమ చీలమండకూ ఇవాళ నొప్పి పెడుతున్న కుడి భుజానికీ ఏమిటి సంబంధం అని మీరడుగుతారు. బంతిని కొట్టే బలంలో సగం దాకా పుట్టేది కాళ్ళలోనూ నడుములోనూ. నేలను తన్నితే పుట్టిన బలం నడుము మీదుగా వీపుకి, వీపు నుంచి భుజానికి, అక్కణ్ణించి అరచేతికి పాకుతుంది. కింద ఒక మెట్టు విరిగితే ఆ లోటంతా భుజమే పూడ్చాలి. నేను తండ్రి వంక చూశాను. ఆయన నా వంక చూశాడు. "కాళ్ళు నడవాలని చెప్పాను కదండీ" అన్నాడు మెల్లగా.

చికిత్స చూస్తే మీకు నవ్వొస్తుంది, అంత మామూలుగా ఉంటుంది. ఎడమవైపు ఒత్తిగిలి పడుకుని, కుడి మోచేతి కింద చుట్టిన తువ్వాలు పెట్టుకుని, మోచెయ్యి మడిచి, అరలీటరు నీళ్ళ సీసాను పట్టుకున్న చేతిని పైకప్పు వైపు నెమ్మదిగా ఎత్తటం, అంతకంటే నెమ్మదిగా దించటం. పదిహేను సార్లు, మూడు విడతలు. అరలీటరు నీళ్ళు అర కిలో. ఈ కొండంత కుర్రవాడు ఆ అర కిలోకు పన్నెండోసారికే ముఖం చిట్లించాడు. తరువాత కిటికీ ఊచకు రబ్బరు పట్టీ కట్టి, పలక ఎముకలు రెండూ దగ్గరికి వచ్చేలా వెనక్కి లాగటం. గోడకు చేతులానించి దండెం తీస్తున్నట్టు వంగి లేచి, లేచాక ఇంకొంచెం ముందుకు నెట్టి వీపు గుండ్రం చెయ్యటం. కుడిచేతిని ఛాతీకి అడ్డంగా తెచ్చి ఎడమచేత్తో అరనిమిషం అదిమి పట్టటం. వీటితోపాటు మడమ ఎత్తటం, ఒంటికాలి మీద కూర్చుని లేవటం. మూడు వారాలు తలపైకి చెయ్యెత్తి బంతి కొట్టకూడదు. కింద చేతులతో బంతి అందుకోవచ్చు, పరుగెత్తవచ్చు. చేసేటప్పుడు కొద్దిపాటి నొప్పి ఉన్నా ఫరవాలేదు, మర్నాడు పొద్దుటికి తగ్గిపోవాలి. తగ్గకపోతే నిన్న ఎక్కువ చేశారని అర్థం.

నొప్పి వచ్చాక కాదు, రాకముందే ఇవి చేస్తే? నార్వేలో 45 హ్యాండ్‌బాల్ జట్ల మీద, 660 మంది ఆటగాళ్ళతో ఈ పరీక్ష చేసి 2017లో ఫలితం ప్రచురించారు. ఆటకు ముందు ఒళ్ళు వేడెక్కించుకునేటప్పుడే వారానికి మూడుసార్లు, పది నిమిషాలపాటు ఇలాంటి వ్యాయామాలు చేసిన జట్లలో భుజం బాధల ముప్పు 28 శాతం తగ్గింది. మన కాలేజీ మైదానాల్లో ఆ పది నిమిషాలు ఎవరిస్తున్నారు? డ్రిల్లు మాస్టారు రెండు రౌండ్లు పరుగెత్తించి బంతి చేతికిస్తారు.

అక్కడే బల్ల మీద ఇంకో వాలీబాల్ ఆటగాణ్ణి చూశాను. పలక ఎముక మీద, భుజం వెనక, చెంచాతో తీసినట్టు చిన్న గుంట. నొప్పి లేదట! అక్కడి కండరానికి వెళ్ళే నరం నలిగి కండరం ఎండిపోవటం వాలీబాల్ ఆటగాళ్ళలో తెలిసిన సంగతే. నొప్పి లేదని మురిసిపోకుండా అలాంటి గుంట కనిపిస్తే డాక్టరుకు చూపించండి. పడినప్పుడు భుజం తప్పి చెయ్యి లేవకపోయినా, చేతిలో తిమ్మిరి ఉన్నా, రాత్రిళ్ళు కదలకుండా పడుకున్నా నొప్పి పెడుతున్నా, జ్వరం తోడైనా ఇంటి వ్యాయామాలతో కాలక్షేపం చెయ్యొద్దు. పదహారేళ్ళలోపు పిల్లల్లో ఎముక ఇంకా పెరుగుతూ ఉంటుంది. పెరిగే చోటే దెబ్బ తినవచ్చు. వాళ్ళు విసిరేటప్పుడు భుజం నొప్పి అంటే ముందు విసరటం ఆపించి వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్ళండి.

అసలు చిక్కు ఇప్పుడొచ్చింది. "మరి ఎంపిక?" అన్నాడు తండ్రి. ఆవిడ దాచలేదు. పూర్తి బలంతో కొట్టడానికి మూడు నెలలు పడుతుందంది. ఏడు వారాలకు పంపితే ఆడతాడు గాని, తరువాతి సంగతి చెప్పలేనంది. "పోనీ ఇంకో సూది వేయిస్తే ఆ నాలుగు రోజులూ గడవవా?" అని ఆయన నన్నడిగాడు. గడుస్తాయి. ఆ మాట నిజం. నేనది చెప్పి, నలిగిన పగ్గం తెగిపోతే ఏమవుతుందో కూడా చెప్పి, నిర్ణయం వాళ్ళకే వదిలేశాను. ఆ క్షణంలో ఆ కుర్రవాడి ముఖం చూడటం నాకు కష్టమైంది. వాడి తోటివాళ్ళు వెళతారు, వీడు ఇంట్లో నీళ్ళ సీసా ఎత్తుకుంటూ కూర్చోవాలి.

తిరుగు ప్రయాణంలో తెనాలి దాటేదాకా తండ్రి మాట్లాడలేదు. తరువాత కొడుకుతో అన్నాడు: "పోగు తెగితే ముడి వెయ్యకుండా నేస్తామంట్రా? పోనీలే. వచ్చే యేడు."

పద్నాలుగు వారాల తరువాత మళ్ళీ చీరాల వెళ్ళాను. ఎంపిక అయిపోయింది, వీడి జతగాడికి చోటు దొరికింది. "మొదటి నెల రోజులూ ఎవరితోనూ మాట్లాడలేదు అన్నయ్యగారూ," అంది వాళ్ళమ్మ కాఫీ ఇస్తూ. కిటికీ ఊచకు రబ్బరు పట్టీ ఇంకా వేలాడుతోంది. తండ్రికి కూడా భుజం పట్టేస్తే సాయంత్రాలు అదే లాగుతున్నాడట.

వాడరేవులో వాడు ఎడమకాలితో ఇసకను తన్ని లేస్తుంటే తేడా నాకే కనిపించింది. ఆరో వారంలో సగం బలంతో, రోజు మార్చి రోజు ఇరవై బంతులతో మొదలుపెట్టాడు. తరువాత వారం వారం కొన్ని చొప్పున పెంచుకుంటూ వచ్చాడు. ఆ రోజుకి అరవై. వల పక్కన కూర్చున్న చిన్నపిల్లవాడొకడు వేళ్ళు మడుస్తూ లెక్క పెడుతున్నాడు. "అన్నా, అరవై!" అని అరిచాడు. ఆట మంచి పట్టులో ఉంది, అవతలి జట్టు ఒక్క పాయింటు ముందుంది. మనవాడు బంతిని రెండు చేతులా పట్టుకుని ఒక్క క్షణం నిలబడ్డాడు. తరువాత పక్కవాడికి అందించి, వల వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు.